నచ్చింది కథలా, భాషా?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోని విషయం ఇది.

ఆమె వయసు 20. స్టాటిస్టిక్స్ డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నారు. మార్కులకు లోటు లేదు. ఆ సబ్జెక్టంటే విసుగు లేదు, ఇష్టమూ లేదు. పదిహేనేళ్ళప్పుడు స్కూలు లైబ్రరీలో హోమర్ అనే ప్రాచీన గ్రీకు కవి కావ్యం ఒడిస్సీ అనువాదం దొరికింది. ఇరవయ్యేళ్ళ తర్వాత బిచ్చగాడి వేషంలో ఇంటికి వచ్చిన ఒడిస్సియస్‌ను ముసలి కుక్క ఆర్గోస్ గుర్తుపట్టి, తోక ఆడించి, ప్రాణం వదిలేసే చోట పుస్తకం పక్కనపెట్టి ఏడ్చారట. అప్పటినుంచి కనిపించిన అనువాదమల్లా చదివారు. పదిహేడో ఏట గ్రీకు అక్షరాలు నేర్చుకున్నారు. రెండేళ్ళుగా ఎవరి సాయమూ లేకుండా లాటిన్ చదువుతున్నారు. నలభై పాఠాల పుస్తకంలో ఇరవై రెండు పూర్తయ్యాయి. గ్రీకు మాత్రం మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ ఒకేచోట, ధాతువు చివరి అచ్చు ప్రత్యయంలోని అచ్చుతో కలిసిపోయే క్రియల దగ్గర ఆపేశారు.

ఇంట్లో చెప్పకుండా బ్రిటన్‌లో ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టారు. ఈ రెండు భాషలూ ముందుగా రానివాళ్ళ కోసం నడిపే నాలుగేళ్ళ క్లాసిక్స్ (ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యం) డిగ్రీలో సీటు వచ్చింది. ఒప్పుకుంటున్నదీ లేనిదీ చెప్పడానికి ఆరు వారాల గడువుంది. ఈలోగా ఆ కబురు నాన్నగారి కంటపడింది. ఆయన కేకలు వేయలేదు. "చచ్చిపోయిన భాషలు చదివి బతికున్నవాళ్ళ మధ్య ఏం చేస్తావమ్మా?" అని మాత్రం అడిగారు. అమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉందట. తమ్ముడి చదువు ఇంకా ముందుంది. ఇంట్లో ఉన్నదల్లా నాన్నగారు రిటైర్మెంట్ కోసం దాచుకున్న డబ్బే. ఈ రంగంలో పీహెచ్‌డీ ముగిస్తున్న ఒక సీనియర్‌ను సలహా అడిగితే "ఇటు రావద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఉత్తరం చివర ఇలా రాశారు: "నాకు నచ్చింది ఆ కథలా, ఆ భాషలా అన్నది నాకే తెలియడం లేదు. ఈ సంగతి నాన్నకు చెప్పలేదు. మీకే చెబుతున్నాను." దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో ప్రశ్న ఉంది. ముందు ఒక్కటే నేర్చుకోగలిగితే గ్రీకా, లాటినా?

సమాధానం:

మీ ఉత్తరంలో నాన్నగారి ప్రశ్న పెద్దగా కనిపిస్తోంది. కానీ నన్ను ఎక్కువసేపు ఆపింది మీ చివరి వాక్యం. అందుకే ముందు దాని గురించే మాట్లాడతాను. ఆ సందేహం ఉన్నందుకు సిగ్గుపడుతున్నట్టు రాశారు. సిగ్గెందుకు? పద్నాలుగో శతాబ్దపు ఇటలీ కవి పెట్రార్క్ అంతటివాడికీ ఇదే చిక్కు వచ్చింది. 1354లో ఆయనకు గ్రీకులో ఉన్న హోమర్ చేతిరాత ప్రతి కానుకగా వచ్చింది. ఆయనకు గ్రీకు రాదు. ఆ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని నిట్టూర్చేవాడినని పంపినాయనకు రాసుకున్నాడు. ఆ తర్వాతా ఆయన గ్రీకు సరిగ్గా నేర్చుకోలేకపోయాడు. హోమర్‌ను చివరికి లాటిన్ అనువాదంలోనే చదువుకున్నాడు. హోమర్ మీద ఆయనకున్న ప్రేమ తక్కువదని ఎవరూ అనలేదు. కథల మీద ప్రేమ నిజమైన ప్రేమే. ఆ ప్రేమకు నాలుగేళ్ళ వ్యాకరణ డిగ్రీ అవసరమా కాదా అన్నది మాత్రం వేరే ప్రశ్న. మీరు ఈ రెంటినీ కలిపేసి ఒకే ముడి వేసుకున్నారు.

మీకు వచ్చిన సీటులో ఏముంటుందో చూద్దాం. బయటివాళ్ళకు ఈ డిగ్రీల పేర్లన్నీ ఒకేలా వినిపిస్తాయి. క్లాసిక్స్ అంటే బ్రిటన్‌లో సాధారణంగా మూలభాషల్లో చదివే చదువు. క్లాసికల్ స్టడీస్, క్లాసికల్ సివిలైజేషన్ అనే పేర్లుంటే ఎక్కువభాగం అనువాదాల మీద నడుస్తుంది, భాష ఐచ్ఛికం. ప్రాచీన చరిత్ర మరొకటి. ఆక్స్‌ఫర్డ్‌లో ఈ చదువును ఇప్పటికీ లిటెరే హ్యూమనియోరెస్ అనే పాతపేరుతో నాలుగేళ్ళు చెబుతారు. కేంబ్రిడ్జ్‌లో లాటిన్ వచ్చినవాళ్ళకు మూడేళ్ళు, రానివాళ్ళకు నాలుగేళ్ళు. ఆ అదనపు మొదటి ఏడాదంతా ప్రధానంగా లాటిన్ మీదే గడుస్తుంది, రెండో ఏట గ్రీకు మొదలవుతుంది. అమెరికాలో ప్రిన్స్‌టన్ 2021లో క్లాసిక్స్ ప్రధానాంశంగా తీసుకునేవాళ్ళకు గ్రీకు, లాటిన్ తప్పనిసరి అన్న నిబంధనే తీసేసింది. దాని మీద పెద్ద వాదనే జరిగింది. నా మట్టుకు నాకు, భాష లేకుండా ఆ లోకంలోకి రావాలనుకునేవాళ్ళకు తలుపు తెరవడం తప్పనిపించదు. అయితే పరిశోధన దాకా వెళ్ళాలంటే మాత్రం రెండు భాషలూ లేకుండా కుదరదు. మంచి పీహెచ్‌డీ కోర్సులు వాటికి తోడు జర్మన్, ఫ్రెంచ్ లేదా ఇటాలియన్ చదవగలగడం కూడా అడుగుతాయి.

మూలభాషల డిగ్రీలో ఒక రోజు ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున్నే పట్టికలు వల్లె వేయాలి. లాటిన్‌లో నామవాచకాలు ఐదు తరగతులు, ఆరు విభక్తులు. క్రియలు నాలుగు తరగతులు. గ్రీకులో విభక్తులు ఒకటి తక్కువే కానీ, ఒక్కో క్రియకు వచ్చే రూపాలు వందల్లో ఉంటాయి. మర్నాటి క్లాసుకు ఇరవై ముప్పై పంక్తులు తయారుచేసుకోవాలి. మొదట్లో ఒక్కో పంక్తికి పావుగంట పడుతుంది. నిఘంటువు తెరవడం, ఆ రూపం ఏ ధాతువు నుంచి వచ్చిందో కనిపెట్టడం, పొరపాటు, మళ్ళీ మొదటికి రావడం. పరీక్షలో ఎప్పుడూ చూడని గద్యభాగం ఇచ్చి నిఘంటువు లేకుండా అనువదించమంటారు. ఆర్గోస్ చనిపోయే ఆ ఘట్టం మీరు అనువాదంలో రెండు నిమిషాల్లో చదివి ఉంటారు. గ్రీకులో నేను మొదటిసారి చదివినప్పుడు మూడు సాయంత్రాలు పట్టింది. మూడో సాయంత్రం చివర నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ మొదటి రెండు సాయంత్రాలూ ఏడుపు లేదు, క్రియారూపాలే. ఆ రెండు సాయంత్రాలు మీకు ఇష్టమా? మీ ప్రశ్నకు జవాబు అక్కడుంది.

మీ గురించి మీకు తెలియని ఒక సంగతి నాకు మీ ఉత్తరంలో కనిపించింది. ఎవరూ అడగకుండా, పరీక్ష లేకుండా, రెండేళ్ళపాటు లాటిన్ ఇరవై రెండు పాఠాలు చదివారు. కథల కోసమే అయితే అనువాదాలు చాలు, ఈ పాఠాలతో పనేముంది? భాషలోనూ మీకు ఏదో దొరుకుతోందనే నాకనిపిస్తోంది. గ్రీకు దగ్గర ఆగిపోవడాన్ని మీరు మీ లోపంగా లెక్కవేశారు. నేను అలా అనుకోవడం లేదు. గురువు లేకుండా గ్రీకు మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఆగేది సరిగ్గా అక్కడే. ఆ పాఠాన్ని కొత్త పట్టికలాగా బట్టీ పట్టబోయారేమో. అవి కొత్త రూపాలు కావు, అది సంధి. రాజ, ఇంద్ర కలిసి రాజేంద్ర అవుతుందని మనకు ఎవరూ పట్టిక ఇచ్చి నేర్పరు. గౌరవించడం అనే అర్థమున్న గ్రీకు క్రియలో 'తిమా-ఒమెన్' అనేది 'తిమోమెన్' అయితే అదీ అంతే. అచ్చుకు అచ్చు తగిలింది, ఒకటైపోయింది. ఏ అచ్చు ఏ అచ్చుతో కలిస్తే ఏమవుతుందో ఒక కాగితం మీద రాసుకుని, మామూలు క్రియాప్రత్యయాలకు ఆ సూత్రం తగిలించుకుంటూ పోండి. నాలుగోసారి అక్కడ ఆగరు.

తెలుగు మాట్లాడేవాళ్ళకు ఈ భాషల్లో ఇంకా కొన్ని వెసులుబాట్లున్నాయి. ఇంగ్లీషు ఒక్కటే తెలిసిన పిల్లలకు మొదటి నెలల్లో అందనిది విభక్తి. వాక్యంలో మాట ఎక్కడుందో చూసి అర్థం చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. 'అగ్రికొలమ్ పుయెల్ల విదెత్' అంటే వాళ్ళు రైతే అమ్మాయిని చూస్తున్నాడనుకుంటారు. మనం "రైతును పిల్ల చూస్తోంది" అని సునాయాసంగా అనేస్తాం. ఆ 'ను' చేసే పనే అక్కడ చివరి 'మ్' చేస్తోంది. క్రియ వాక్యం చివర రావడం కూడా మనకు వింత కాదు. స్కూల్లో సంస్కృతం చదివి ఉంటే ద్వివచనం, ఆత్మనేపదం గ్రీకులో మళ్ళీ ఎదురై పలకరిస్తాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని భాషావేత్త విలియం జోన్స్ 1786లో చెప్పిన మాట మీరు వినే ఉంటారు. తెలుగు ఆ కుటుంబంలోది కాదు. అయినా ఆ కుటుంబం మాటలను, సంధులను ఇంత లోతుగా లోపలికి తెచ్చుకున్న భాష మనది. దాన్ని మీ బలంగా వాడుకోండి.

ఇక నాన్నగారి "చచ్చిపోయిన భాషలు" అన్న మాట. దీనికి జవాబు చెబుతాను కానీ, ఆయన మీద గెలవడానికి దీన్ని వాడవద్దు. లాటిన్ మాటలన్నిటి చరిత్రా రాయాలని మ్యూనిక్ కేంద్రంగా 1894లో ఒక మహానిఘంటువు మొదలుపెట్టారు. ఇంకా పూర్తికాలేదు. ఈరోజుకీ అక్కడ పండితులు ఒక్కో మాట ముందు కూర్చుని పనిచేస్తున్నారు. ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే ఊరి చెత్తదిబ్బల్ని 1896 నుంచి గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు తవ్వించారు. లక్షల కొద్దీ పపైరస్ (ఆనాటి కాగితం) తునకలు బయటపడ్డాయి. ఇప్పటికి 80కి పైగా సంపుటాలు అచ్చయినా చదవాల్సినవే ఎక్కువ. వాటిలో మహాకావ్యాల ముక్కలున్నాయి, పన్ను రసీదులున్నాయి. థియోన్ అనే పిల్లవాడు తండ్రికి రాసిన ఉత్తరం కూడా ఉంది. తనను అలెగ్జాండ్రియాకు తీసుకెళ్ళకుండా వెళ్ళిపోయాడని వాడికి కోపం. తీసుకెళ్ళకపోతే ఇక ఉత్తరం రాయను, మాట్లాడను, తినను, తాగను అని బెదిరింపు. దానినిండా వ్యాకరణ దోషాలే. పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందటి ఆ అలకను ఈరోజు ఎవరైనా వినగలుగుతున్నారంటే, ఎవరో ఒకరు ఈ డిగ్రీ చదివినందువల్లే. నాన్నగారితో ఏదైనా పంచుకోవాలనుకుంటే నేనైతే ఆ ఉత్తరం చదివి వినిపిస్తాను.

మీరు స్టాటిస్టిక్స్ విద్యార్థి కాబట్టి ఇంకోటి చెప్పకుండా ఉండలేను. క్రీస్తుశకం 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు హెర్క్యులేనియం అనే ఊళ్ళో ఒక ఇంటి గ్రంథాలయం కాలి బొగ్గయిపోయింది. ఆ పపైరస్ చుట్టలు పద్ధెనిమిదో శతాబ్దంలోనే దొరికాయి కానీ, విప్పబోతే పొడి అయిపోయేవి. 2023లో వాటిని విప్పకుండా ఎక్స్-రే స్కాన్ల మీద, యంత్రానికి సిరాజాడలు గుర్తుపట్టడం నేర్పి చదవాలని ఒక పోటీ పెట్టారు. ఆ ఏడాది అక్టోబర్‌లో మొదటి మాట పైకి వచ్చింది. 'పొర్ఫురాస్', అంటే ఊదారంగుకు సంబంధించిన మాట. దాన్ని ముందుగా పట్టుకున్నది ల్యూక్ ఫారిటర్ అనే 21 ఏళ్ళ కంప్యూటర్ సైన్స్ విద్యార్థి. మరుసటి ఫిబ్రవరికి ముగ్గురు యువకులు కలిసి రెండువేలకు పైగా అక్షరాలు రాబట్టి 7 లక్షల డాలర్ల బహుమతి అందుకున్నారు. యంత్రం చూపించిన మరకలు అక్షరాలేనని, అవి ఫలానా మాటలేనని తేల్చింది మాత్రం గ్రీకు వచ్చిన పపైరస్ పండితులు. ఈ రెండు పనులూ ఒకే మనిషికి వస్తే? ఇదేమీ కొత్త ఊహ కాదు. 1867లోనే లూయిస్ క్యాంబెల్ అనే గ్రీకు ప్రొఫెసర్ ప్లేటో సంభాషణల్లో అరుదైన మాటలు లెక్కపెట్టి, సోఫిస్ట్, స్టేట్స్‌మన్ అనే రెండూ ఆయన చివరి రోజుల్లో రాసినవని చూపించాడు. ప్లేటో ఏది ముందు రాశాడు, ఏది తర్వాత రాశాడు అన్న చర్చ ఆ లెక్కల మీదే చాలావరకు నిలబడింది. మీరు ప్రేమ లేదంటున్న సబ్జెక్టు మీరు ప్రేమిస్తున్న సబ్జెక్టుకు ఇంత దగ్గర చుట్టం. సగంలో వదిలేసే ముందు ఈ సంగతి ఒకసారి ఆలోచించండి.

మీ సీనియర్ ఇచ్చిన సలహాలో ఒక నిజముంది. విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిన్ బోధించే శాశ్వత ఉద్యోగాలు చాలా తక్కువ, వాటికి పోటీపడే పీహెచ్‌డీలు చాలా ఎక్కువ. 2021లో అమెరికాలోని హోవర్డ్ విశ్వవిద్యాలయం తన క్లాసిక్స్ విభాగాన్నే రద్దుచేసింది. బ్రిటన్‌లో ప్రభుత్వ పాఠశాలల్లో లాటిన్ నేర్పడానికి 2022లో మొదలైన ప్రభుత్వ పథకం 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. స్కూళ్ళలో లాటిన్ ఉపాధ్యాయుల అవసరం ఉంది, కానీ అది కూడా ఇలా నిధుల గాలికి ఊగుతూ ఉంటుంది. ఈ డిగ్రీ చదివితే ప్రొఫెసర్ అవుతానన్న లెక్కతో వెళ్తే మాత్రం ఆ సీనియర్ మాటే వినండి. ఆ సీనియర్ చెప్పకుండా వదిలేసింది ఇంకొకటి ఉంది. ఈ డిగ్రీ తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది ప్రొఫెసర్లు కావాలనుకోరు. న్యాయవాద వృత్తి, ప్రభుత్వ సర్వీసులు, ప్రచురణ, మ్యూజియంలు, సాఫ్ట్‌వేర్, ఇలా ఎటైనా పోతారు. అడోబీ సంస్థాపకుల్లో ఒకరైన చార్లెస్ గెష్కీ మొదటి డిగ్రీ క్లాసిక్స్. అమెరికాలో అంటువ్యాధుల నిపుణుడు డాక్టర్ ఆంటొనీ ఫౌచీదీ అంతే. ఈ పేర్లు నాన్నగారి ముందు వల్లించవద్దని నా విన్నపం. గెష్కీ ఆ తర్వాత గణితం, కంప్యూటర్ సైన్స్ చదివాడు. ఫౌచీ వైద్యవిద్య చదివాడు. ఆ భాషలు వాళ్ళ బుర్రకు పదును పెట్టి ఉండవచ్చు, కూడు పెట్టింది మాత్రం రెండో చదువు. క్లాసిక్స్ దానంతట అది ఒక వృత్తిని చేతికివ్వదు. పక్కన ఇంకొకటి ఉండాలి. మీకు ఆ రెండోది ఇప్పటికే సగం చేతిలో ఉంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఈ సీటు ఇప్పుడే తీసుకుని వెళ్ళవచ్చు. నాలుగేళ్ళు గురువుల దగ్గర, తోటివాళ్ళ మధ్య, రోజూ అదే పనిలో మునిగి ఉండటానికి మించిన పద్ధతి ఈ భాషలకు లేదు. ఒంటరిగా ఎనిమిదేళ్ళు పట్టేది అక్కడ రెండేళ్ళలో వస్తుంది. కానీ స్టాటిస్టిక్స్ సగంలో ఆగిపోతుంది, రెండేళ్ళ చదువుకు పట్టా ఉండదు. విదేశీ విద్యార్థి కట్టే ఫీజు స్థానికులదానికి కొన్ని రెట్లు. అది నాన్నగారి రిటైర్మెంట్ సొమ్ములోంచి రావాలి. మీ తమ్ముడి వాటా కూడా అందులోనే ఉంది. ఈ దారిలో వెళ్తే ప్రతి పట్టికా ఆ డబ్బు బరువుతో కలిపి మొయ్యాలి. మొయ్యలేరని అనను. ఆ బరువు ఉంటుందని ముందే తెలుసుకుని ఎత్తుకోవాలి.

సీటు ఏడాదిపాటు వాయిదా వేయమని అడగవచ్చు. బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాలు కారణం చెబితే దీనికి ఒప్పుకుంటాయి. అడిగినందుకు సీటు పోదు. అడ్మిషన్ల విభాగానికి ఈ వారంలోనే రాయండి, ఆర్థిక సహాయం గురించి కూడా అదే ఉత్తరంలో అడగండి. ఒప్పుకుంటే మీకు దొరికేది ఊపిరి పీల్చుకునే వ్యవధి. స్టాటిస్టిక్స్ మూడేళ్ళదైతే అది ముగించుకునే వీలూ ఉంటుంది. ఇందులో ఒక ప్రమాదముంది. ఏడాదంతా "చూద్దాంలే" అనుకుంటూ గడిపేసి, ఇదే స్థితిలో, ఇదే ప్రశ్నతో మళ్ళీ ఇక్కడే నిలబడవచ్చు. వాయిదా తీసుకుంటే ఆ ఏడాదిలో గ్రీకు ఎంతవరకు చదవాలో ముందే రాసిపెట్టుకోండి.

డిగ్రీ ముగించి, భాషలు ఆ తర్వాత పట్టుకోవచ్చు. ఈ దారి గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. మరో సబ్జెక్టులో డిగ్రీ ఉండి, భాషాబలం చాలనివాళ్ళ కోసం అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఒకటి రెండేళ్ళ ప్రత్యేక కోర్సులు నడుపుతున్నాయి. అక్కడినుంచి ఎమ్మేకు వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. న్యూయార్క్‌లో సిటీ యూనివర్సిటీ వారి లాటిన్, గ్రీకు ఇన్‌స్టిట్యూట్ 1970ల నుంచీ ఒక్క వేసవిలోనే భాష మొత్తం వ్యాకరణాన్ని నేర్పడానికి పేరుపొందింది. పగలూ రాత్రీ అదే పని. జర్మనీలో ఎక్కువ రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం ఐరోపా సమాఖ్య బయటివాళ్ళు సెమిస్టర్‌కు 1500 యూరోలు కట్టాలి. చదువు జర్మన్‌లో నడుస్తుంది. ఆ భాష ఎలాగూ ఈ రంగానికి కావలసిందే కాబట్టి నేర్చుకున్న కష్టం ఎక్కడికీ పోదు. ఈ దారిలో మీరు కోల్పోయేది కాలం. ఇరవయ్యేళ్ళకు మొదలుకావలసింది ఇరవై మూడుకో నాలుగుకో మొదలవుతుంది. మీకు ఇప్పుడు అది పెద్ద ఎడంలా కనిపిస్తుంది. నాకు అలా అనిపించడం లేదు.

ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చదువుకోవచ్చు. దీన్ని ఓడిపోయినవాళ్ళ దారి అనుకోకండి. ఇంగ్లీషు కవి, లాటిన్ పండితుడు హౌస్‌మన్ 1881లో ఆక్స్‌ఫర్డ్ చివరి పరీక్షలో తప్పాడు. పదేళ్ళు లండన్ పేటెంట్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాడు. సాయంత్రాలు బ్రిటిష్ మ్యూజియం పఠనమందిరంలో కూర్చుని లాటిన్, గ్రీకు పాఠాల మీద వ్యాసాలు రాశాడు. 1892లో లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆయన్ను లాటిన్ ప్రొఫెసర్‌గా తీసుకుంది. ఆ రోజులు వేరు, ఇప్పుడు పీహెచ్‌డీ లేకుండా ఆ కుర్చీ ఎవరూ ఇవ్వరు. మైకేల్ వెంట్రిస్ భవనశిల్పి. అతను 1952లో క్రీటు, గ్రీసుల్లో దొరికిన లీనియర్ బి అనే ప్రాచీన లిపిని ఛేదించి, అది గ్రీకేనని చూపించాడు. ఇలాంటివాళ్ళు అరుదు. కానీ పేరుకోసం కాకుండా చదవడం కోసమే అయితే ఈ దారిలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎడమపేజీలో మూలం, కుడిపేజీలో అనువాదం ఉండే లోబ్ గ్రంథమాల 1912 నుంచి వస్తోంది. ఆకుపచ్చవి గ్రీకు, ఎర్రవి లాటిన్. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారి పెర్సియస్ వెబ్‌సైటులో మూలం, నిఘంటువు రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఈ దారిలో లోటు ఒక్కటే. తప్పు చెప్పినప్పుడు సరిదిద్దే మనిషి ఉండరు. మీరు గ్రీకులో మూడుసార్లు ఆగిపోయింది ఎందుకో గుర్తుందిగా.

ఏ దారి అన్నది నేను చెప్పను, చెప్పకూడదు. ఈ ఆరు వారాల్లో ఏం చేయవచ్చో చెబుతాను. రోజుకో గంట, ఒకే వేళకు, గ్రీకు. సంధి కాగితం ముందేసుకుని ఆ పాఠం దాటండి. అది దాటాక గ్రీకు సైనికుడు జెనొఫోన్ ఒక దండయాత్ర గురించి రాసిన అనాబసిస్‌లో మొదటి భాగం రెండో అధ్యాయం తెరిచి రోజుకు మూడు నాలుగు పంక్తులు, అనువాదం చూడకుండా ప్రయత్నించండి. సైన్యం ఎన్ని మజిలీలు నడిచింది, ఎన్ని పరసాంగులు (పర్షియా దూరపు కొలత) సాగింది అన్న లెక్కలే ఎక్కువ. కథారసం అంతగా లేనిది కాబట్టే అది చెబుతున్నాను. నాలుగో వారంలో మర్నాటి గంట కోసం ఎదురుచూస్తున్నారా, లేక ఆ గంట ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తున్నారా గమనించండి. ఎదురుచూస్తుంటే మీకు నచ్చింది భాషే. గడియారం చూస్తుంటే అనువాదాల్లో చదివే డిగ్రీలను ఒకసారి చూడండి, లేదా కథల్ని కథలుగానే జీవితమంతా చదువుకోండి. అందులో ఏ చిన్నతనమూ లేదు.

నాన్నగారితో మాట్లాడటానికి ఈ ఆరు వారాలు ముగిసేదాకా ఆగకండి. ఆయన అడిగింది భాషల గురించే అయినా, ఆయన భయం అది కాదనుకుంటాను. కూతురు తనకు చెప్పకుండా ఇంత పెద్ద నిర్ణయం దాకా వెళ్ళింది. ఆ దెబ్బ మీద ఆయనింకా ఏమీ మాట్లాడలేదు. ముందు దానికి క్షమాపణ చెప్పండి, వివరణలు లేకుండా. తర్వాత ఒక కాగితం మీద నాలుగేళ్ళ ఖర్చు మొత్తం రాసి ఆయన ముందు పెట్టండి. ఏ మొత్తానికి మించి మీ చదువు కోసం ముట్టుకోకూడదో ఆయన్నే చెప్పమనండి. ఆ గీత ఆయన గీయాలి, మీరు దాటకూడదు. మీ పేరు మీద అప్పు తీసుకునే మాటైతే అది తీర్చడానికి స్టాటిస్టిక్స్ వల్ల వచ్చే ఉద్యోగం ఎంతవరకు సాయపడుతుందో లెక్క కూడా అదే కాగితం మీద ఉండాలి. మీకు నచ్చింది ఏమిటో మీకే తెలియడం లేదని నాకు రాసిన వాక్యం ఆయనకూ చెప్పండి. ఖాయంగా తెలిసినదానిలా వాదించే కూతురితో ఆయన పోట్లాడగలరు. తెలియడం లేదని ఒప్పుకునే కూతురి పక్కన కూర్చోగలరు. అమ్మగారిని కూడా ఆ సంభాషణలో కూర్చోబెట్టండి. ఆవిడ ఏమీ అనకపోవడాన్ని మీరు నిరాకరణగా తీసుకున్నారు, ఆవిడను ఎవరూ అడగలేదేమో.

ఇక చిన్న అక్షరాల ప్రశ్న. మామూలుగా అయితే మనసు ఎటు లాగితే అటు వెళ్ళమంటాను, మీ మనసు హోమర్ వైపే లాగుతోంది. కానీ మీకు లాటిన్ పద్ధెనిమిది పాఠాలు మిగిలున్నాయి. అవి వదలకండి, వారానికి ఒకటి చాలు. సబ్‌జంక్టివ్ (కోరిక, ఊహ వంటివి చెప్పే క్రియారూపాలు) ఇంకా ముందుంది, ఇక్కడ ఆపితే ఇంతవరకు నేర్చుకున్నదీ జారిపోతుంది. పొద్దున గంట గ్రీకుకు, వారాంతం లాటిన్‌కు. అనాబసిస్‌లో ఆ అధ్యాయం మొదటి పేజీ పూర్తయిన రోజున బహుమానంగా ఒడిస్సీ పదిహేడో సర్గ తెరిచి ఆర్గోస్ పంక్తులు వెతకండి. 290వ పంక్తి దగ్గర మొదలవుతాయి.